ఒక కన్ను నీలం

"షర్బత్తులో ఏం కలిపినావు రా?"

ఎస్సై వెంకటముని పొద్దున్నుంచీ ఇదే ప్రశ్న అడుగుతున్నాడు. గొంతులో కోపం ఎప్పుడో అయిపోయింది. అడగడం ఒక్కటే మిగిలింది. లాకప్పులో గోడకు ఆనుకుని కూర్చున్న వలి బాషా కూడా అలవాటుగానే తల అడ్డంగా ఊపాడు.

"నన్నారి, నిమ్మకాయ, ఐసు. అంతే సార్. అల్లా మీద ఆన."

బయట బెంచీ మీద గోదా మోకాలు నొక్కుకుంటూ కూర్చుని ఉంది. తిరుపతిలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టి పన్నెండేళ్ళు. వచ్చే పనిలో ముప్పాతిక వంతు పెళ్ళి సంబంధాల వాకబే. అబ్బాయి తాగుతాడా, ఉద్యోగం నిజమేనా, మేనత్త ఎలాంటిది? అడిగీ అడిగీ మనుషుల మీద ఆసక్తి తగ్గిపోయింది. నిన్న సాయంత్రం వలి బాషా భార్య జహీరున్నీసా ఆఫీసు తలుపు దగ్గర నిలబడినప్పుడు "హత్య కేసులు చూడనమ్మా" అనే అనబోయింది. జహీరున్నీసా ఒక్క మాటతో ఆ నోరు మూయించింది.

"కోళ్ళు కోసే మనిషే అక్కా. కాదనను. కానీ మనిషిని చంపేంత ఓపిక మా ఆయనకు లేదు."

పోలీసుల లెక్క ప్రకారం కేసు ముగిసినట్టే. చనిపోయినవాడు కౌస్తుభ్, ముప్పై ఏళ్ళవాడు. రేణిగుంట రోడ్డు పక్క సందులో ఇల్లు అద్దెకు తీసుకుని హస్కీ కుక్కపిల్లల వ్యాపారం చేసేవాడు. వలి బాషా రోజూ ఆ కుక్కలకు కోడి మాంసం తెచ్చి, వాటిని కడిగి, దువ్వి వెళ్ళేవాడు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి కౌస్తుభ్‌కు షర్బత్తు తెచ్చిచ్చాడు. కౌస్తుభ్ గ్లాసు విసిరేసి "నన్ను చంపేస్తాండాడు!" అని కేకలు పెట్టాడు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ ఆ కేకలు విన్నది. బుధవారం తెల్లవారేసరికి నోటి నిండా నురుగుతో శవమయ్యాడు. పోస్టుమార్టం చేసిన డాక్టరు విషమేమోనని అనుమానించి భాగాలు ల్యాబుకు పంపాడు. ఆ రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది. అన్నాళ్ళు ఆగే ఓపిక లేని వెంకటముని నిన్న మధ్యాహ్నం వలి బాషాను అరెస్టు చేశాడు. ఇవాళ మూడింటికి మేజిస్ట్రేటు ముందుకు, అక్కణ్ణుంచి జైలుకు.

"ఏం గోదా మేడం, ఈడ పెళ్ళికొడుకులు ఎవురూ లేరే? తప్పుదోవన వచ్చినట్టుండారు" అన్నాడు వెంకటముని.

"పెళ్ళికొడుకులే నయం సార్. అబద్ధం చెప్పేటప్పుడు కొంచెం సిగ్గన్నా పడతారు."

వెంకటముని నవ్వలేదు. మడత నలగని ఖాకీ ప్యాంటు. మోకాలి దగ్గర మాత్రం తెల్లటి వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. గోదా వాటిని చూసి వదిలేసింది. ఈ కేసులో ఎవరిని చూసినా అవే వెంట్రుకలు. జహీరున్నీసా బురఖా మీద కూడా ఉన్నాయి.

"రెండు మాటలు అడిగి పోతాను" అంది.

"అడగండి. నాకు చెప్పంది మీకేం చెప్తాడు?"

గోదా లేచి ఊచల దగ్గరికి వెళ్ళింది. "షర్బత్తు తాగినాడా?"

"యాడ తాగినాడక్కా! గ్లాసు మూతి దగ్గర పెట్టుకోంగానే గొంతు ఎవురో పిసికినట్టు కొట్టుకున్నాడు. గ్లాసు ఇసిరేసి నా మొఖాన ఉమ్మినాడు. ఒక్క సుక్క గూడా లోపలికి పోలేదు."

"మీ ఇద్దరికీ గొడవ జరిగిందంట?"

"ఉగాదప్పుడు. యాడో బస్టాండులో ఎవురో ఇచ్చినారని అట్టపెట్టెలో మూడు పిల్లల్ని తెచ్చినాడు. ఇంట్లో పిల్లలన్నీ అమ్ముడుపోయినాయి, అడిగేవాళ్ళు మాత్రం ఆగలేదు. తల్లిని సూసినావా సార్, సూదులు యేయించినారా అని అడిగితే నా మీద ఎగిరినాడు. కళ్ళు సూడు, రెండూ నీలమే, దీనికంటే ఇంకేం గావాల అన్నాడు. ఆ నీలికళ్ళది వారం తిరక్కుండా సచ్చిపోయినాది. మిగిలిన రెండూ ఉండిపోయినాయి. ఒకదానికి రెండూ గోధుమ కళ్ళు, ఇంకోదానికి ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ. ఎవురూ కొనలేదు."

"రెండు గాదు. ఒకటే ఉండె" అన్నాడు వెంకటముని వెనకనుంచి. "పెద్ద కుక్కనీ, ఆ ఒక్క పిల్లనీ షెల్టరుకు పంపించేసినాము."

వలి బాషా నోరు తెరిచాడు. ఎస్సై ముఖం చూసి మూసుకున్నాడు.

గోదా గోడ గడియారం చూసింది. పదకొండున్నర. "మూడు దాకా టైముంది గదా సార్. ఆ ఇల్లు ఒకసారి చూసొస్తా."

"చూసిరాండి. తాళం ఓనరమ్మ దగ్గరుండాది. బుధవారం తర్వాత మేము గూడా ఆ పక్కకు పోలే."

* * *

ఓనరమ్మ నాగరత్నమ్మ మెట్లెక్కుతూ ప్రతి మెట్టుకూ ఒకసారి ఉసూరుమంది. గోదా మోకాలు కూడా అదే చేస్తోంది. ఇద్దరూ పైకి చేరేసరికి మాట్లాడే శక్తి లేదు.

తలుపు పక్కన ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఉంది. మూత సీలు ఊడలేదు.

"ఇది ఎప్పుడు వేసినారమ్మా?"

"సోమారం పొద్దున. లోపలికి తీసుకోనేలేదు ఆ పిల్లోడు. ఈ ఎండల్లో రెండు రోజులకొక క్యాను తాగేటోడు."

సోమవారం. షర్బత్తు వచ్చింది మంగళవారం. గోదా క్యాను మీద చెయ్యి వేసి ఒక క్షణం అలాగే నిలబడింది. ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం తేలింది: వలి బాషా గ్లాసు తేవడానికి ముందే ఏదో మొదలైంది.

గదిలో అడుగు పెట్టగానే ముఖానికి ఆవిరి కొట్టింది. కిటికీలు మూసి, సందుల్లో పాత బట్టలు కుక్కి ఉన్నాయి. ఫ్యాను స్విచ్చి ఆపి, దాని మీద ప్లాస్టరు అంటించారు, ఎవరూ పొరపాటున కూడా వేయకూడదన్నట్టు.

"పోలీసోళ్ళు మూసినారా ఇవి?"

"లేదమ్మా, ఆ పిల్లోడే. ఆ ఫ్యాను గరగర నా నెత్తిమీదనే తిరిగినట్టుంటాది. ఆదివారం రేత్రి ఆగిపోయినాది. శబ్దం లేక నాకు నిద్ర పట్టలే. పొద్దున అడిగితే గాలి తగిలితే ఒళ్ళు జలదరిస్తాంది అవ్వా అన్నాడు. జొరమేమో ఆసుపత్రికి పో నాయనా అన్నా. తలుపేసుకున్నాడు."

గోదా స్నానాల గది తలుపు తోసింది. బకెట్టు మీద దుప్పటి కప్పి ఉంది. కొళాయి మూతికి గుడ్డ చుట్టి, దాని కొసను కింద నేల దాకా వేలాడదీశారు. చుక్క పడినా చప్పుడు కాకుండా గుడ్డ వెంబడి జారిపోతుంది. నేల ఎండిపోయి ఉంది.

ఆమె ఆ గుడ్డనే చూస్తూ నిలబడిపోయింది. మే నెల తిరుపతిలో, రేకుల కప్పు కింద, ఒక మనిషి ఫ్యాను ఆపుకున్నాడు. నీళ్ళు తలుపవతలే వదిలేశాడు. నీళ్ళ చప్పుడు వినపడకుండా కొళాయి నోరు కట్టేశాడు. విషం తాగినవాడు చేసే పనులు కావివి. నీళ్ళకు భయపడేవాడు చేసే పనులు.

"నాగరత్నమ్మా, ఈమధ్య అతను తిండి విషయంలో ఏమైనా వేరేగా ఉన్నాడా?"

"ఈమధ్య లేదు గానీ ఉగాది అయినాక పత్యముండె. నేను వంకాయ కూర పంపితే వెనక్కి పంపినాడు. వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు, కోడి వద్దు, నలభై దినాలు అన్నాడు. ఊరి వైద్యుని దగ్గర పసరు తాగొచ్చినాడు గదా."

గోదా చటుక్కున వెనక్కి తిరిగింది. చిన్నప్పుడు అవ్వగారింట్లో పాలేరు అదే పత్యం ఉన్నాడు.

"ఆ పత్యం ఎవరికి పెడతారమ్మా?"

"కుక్క కరిసినోళ్ళకు" అంది నాగరత్నమ్మ మామూలుగా. తర్వాత గోదా ముఖం చూసి తడబడింది. "అయ్యో, అది వీధి కుక్క గాదమ్మా. ఆ నీలికళ్ళ పిల్ల. యేలి మీద గీత మాదిరిగా పడినాది, అంతే. జాతి కుక్కకు పిచ్చి పట్టదంట గదా. ఆ పిల్లోడే చెప్పినాడు. నేనే పసరన్నా తాగు నాయనా అని పంపిస్తి." ఆమె గడప మీద కూలబడింది. "నేనే పంపిస్తి."

గోదా పక్కన కూర్చుంది.

"సూదులేసే చోటికి పంపినా పోయేటోడు గాదేమోనమ్మా" అని మాత్రం అంది.

"ఆదివారమొస్తే ఈ సందు నిండా కార్లే" అంది నాగరత్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లోళ్ళు, కొత్తగా పెళ్ళయినోళ్ళు, మూడో అంతస్తులో ఉండేటోళ్ళు. ఫోన్లో వీడియో చూసి వచ్చేసేది. కళ్ళు నీలమేనా అని ఒకటే అడుగుడు. మంచు దేశం కుక్క ఈ ఎండలో యెట్ల బతుకుతాది, దీని యమ్మ యాడుండాది అని ఒక్కరన్నా అడగల."

నాలుగేళ్ళు కాపురం నిలవని పెళ్ళికి కూడా జనం గోదా చేత మూడు తరాలు తవ్విస్తారు. పన్నెండేళ్ళు పిల్లల పక్కలో పడుకోబోయే ప్రాణి గురించి మాత్రం కళ్ళ రంగు అడిగి ఎత్తుకుపోతారు.

వెనక పెరట్లో ఏసీ బిగించిన రేకుల షెడ్డు ఉంది. కరివేపాకు చెట్టు మొదట్లో చిన్న మట్టిదిబ్బ, దాని మీద పసుపు పూసిన రాయి. షెడ్డులో ఒక పెద్ద గిన్నె, రెండు చిన్న గిన్నెలు. రెండు చిన్నవాటిలోనూ ఒకే నాటి అన్నం ఎండి అంటుకుని ఉంది.

పిల్ల ఒకటే అన్నాడు ఎస్సై.

ఆమె షెల్టరుకు ఫోను చేసింది. శ్రీకాళహస్తి దారిలో దిక్కులేని జంతువులను చూసుకునే పశువైద్యురాలు నవీన. ఒక విడాకుల కేసులో కుక్క ఎవరికి చెందాలో తేల్చేటప్పుడు పరిచయం.

"నేనే ఎవరికి చేయాలా అని చూస్తున్నానండి" అంది నవీన, హలో కూడా లేకుండా. "పోలీసులు పంపిన హస్కీ పిల్ల ఇప్పుడే చచ్చిపోయింది. రెండు రోజులు చీకట్లో నక్కింది. పొద్దున లేచి కంటికి కనిపించినదాన్నల్లా కొరికింది. వెనక కాళ్ళు పడిపోయాయి, చొంగ ఆగలేదు. రేబిస్ అనే అనుకుంటున్నాను. మెదడు పరీక్షకు పంపుతున్నాను, కానీ ఆ రిపోర్టు కోసం ఎవరూ ఆగకూడదు. దాన్ని ముట్టుకున్నవాళ్ళు ఎవరెవరు?"

"ఉగాదప్పుడు ఇంకో పిల్ల చచ్చిపోయింది. అదీ ఇదీ ఒకే పెట్టెలో వచ్చినాయి."

"ఒకే పెట్టెలోవా? అయితే ఆ మొదటిదే వీటిని కొరికి ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో సమయంలో బయటపడుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు. మనుషుల్లోనూ అంతే. బయటపడ్డాక ఎవరూ ఏమీ చేయలేరు. ముందే టీకా వేస్తేనే."

"నవీనా, దాని కళ్ళు ఏ రంగు?"

"రెండూ గోధుమ రంగే. ఎందుకు?"

గోదా జవాబు చెప్పకుండానే ఫోను పెట్టేసింది. ఆటో కోసం సందు చివరిదాకా నడుస్తుంటే, మోకాలి నొప్పి గుర్తుకే రాలేదు. ఖాకీ ప్యాంటు మీద తెల్లటి వెంట్రుకలు గుర్తుకొచ్చాయి.

* * *

స్టేషను ముందు జీపు ఇంజను ఆడుతోంది. వలి బాషా చేతికి బేడీలు వేశారు. జహీరున్నీసా గేటు బయట నీడ లేని చోట నిలబడి ఉంది.

"జీపు కోర్టుకు గాదు సార్, ఆసుపత్రికి పోవాల" అంది గోదా.

"ఎవురికి బాగాలేదు?"

"అతనికే. కౌస్తుభ్ విషంతో చావలేదు. రేబిస్‌తో చచ్చిపోయినాడు. నీళ్ళంటే, గాలి అంటే భయం. ఆదివారం నుంచే ఫ్యాను ఆపుకున్నాడు, సోమవారం క్యాను ముట్టలేదు. షర్బత్తు వచ్చింది మంగళవారం. అది గొంతు దగ్గరికి రాంగానే గొంతు పట్టేసి, ఎవరో చంపుతున్నారనుకున్నాడు. ఆ ఎంగిలి వలి బాషా ముఖాన పడింది. జైల్లో పెడితే సూదులు ఎవరు వేస్తారు?"

వెంకటముని ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. "బాగుండాది. వకీలుగా గూడా చేరినారా? అవి హస్కీలు మేడం. వీధి కుక్కలనుకుంటిరా పిచ్చి పట్టనీకి?"

"చచ్చిపోయినాయన గూడా ఇదే మాట అన్నాడంట."

"నా కేసు పాడుచేయడానికే..."

"షెల్టరులో పిల్ల పొద్దున చచ్చిపోయింది సార్. డాక్టరుతో మీరే మాట్లాడండి." గోదా ఫోను చాపింది. అతను తీసుకోలేదు. ఆమె గొంతు తగ్గించింది. కానిస్టేబుళ్ళ ముందు ఒక మనిషి పరువు తీయడం ఆమెకు ఇష్టం లేదు. "ఆ షెడ్డులో చిన్న గిన్నెలు రెండు ఉండాయి. బుధవారం తర్వాత ఆ పక్కకు పోలేదన్నారు. ఈరోజు ఇస్త్రీ చేసి వేసుకున్న ప్యాంటు మీద ఆ వెంట్రుకలు యాడివి? రెండో పిల్ల యాడ సార్?"

వెంకటముని తల వంచి మోకాలి కేసి చూసుకున్నాడు. చేత్తో దులిపాడు. అవి రాలేదు.

బేడీలతో ఉన్న వలి బాషా నెమ్మదిగా అన్నాడు, "బుధవారం జీపులో మీ కాళ్ళ కాడ పెట్టుకున్నారు సార్. నేను సూసినాను. సెప్తే ఇంకో దెబ్బ పడతాదని సెప్పలే."

వెంకటముని టోపీ తీసి జీపు బానెట్టు మీద పెట్టాడు.

"మా పాప..." అన్నాడు వెంకటముని. ఎస్సై గొంతు కాదది. "హంసిని. ఏడాదిగా అడుగుతాంది. క్లాసులో అందరూ ఆ వీడియోలే చూస్తారంట. ఎవురూ కొనని పిల్ల గదా, షెల్టరులో పడి ఉండేదానికి మా ఇంట్లో ఉంటే ఏమని..."

"ఎలాగుంది ఇప్పుడు?"

"రెండు దినాలుగా మంచం కింద దూరి రాలేదు. బెదిరినాదనుకున్నాము. నిన్న చెయ్యి పెడితే పాపను పట్టుకున్నాది. గట్టిగా గాదు మేడం, పంటి గీత అంతే. పసుపు పెట్టినాము."

గోదా కళ్ళు మూసుకుని తెరిచింది. "నిన్నే కదా. ఇంకా టైముంది. ఇంటికి ఫోన్ చేయండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగాల. పాపను నేరుగా పెద్దాసుపత్రికి తీసుకురమ్మనండి. టీకాతో పాటు గాయంలో వేసే మందు కూడా ఉంటుంది, అది అడగమనండి. కుక్కపిల్లను ఎవరూ ముట్టుకోకుండా గదిలో పెట్టి తలుపేయమనండి."

అతను నంబరు నొక్కాడు. వేలు రెండుసార్లు తప్పింది. స్పీకరులో భార్య గొంతు వినపడింది.

"యేమండీ, అన్నానికి వస్తాండారా?"

"పాప యాడ?"

"అంబ్రీన్ పుట్టినరోజు గదా, ఆడికి పోయినాది. పొద్దున్నే చెప్తిని."

"కుక్కపిల్లను గదిలో పెట్టి తలుపెయ్యి. ముట్టుకోవద్దు. ఇప్పుడే!"

"అది యాడుండాది ఇంట్లో? పాప ఎత్తుకోని పోయినాది. పిల్లోళ్ళంతా తెచ్చి చూపియ్యమని ఒకటే గోలంట. పొద్దున మంచం కింద నుంచి దానంతటదే బయటికొచ్చినాది. ఒకటే ఉరుకులు, దొరికింది కొరుకుతా. హుషారొచ్చినాది అనుకున్నాము. ఏమండీ? ఏమైనాది? అంబ్రీన్‌వాళ్ళమ్మ వీడియో గూడా పంపినాది, మీకూ పంపిస్తిని, చూడలేదా?"

గోదా ఫోను వెంకటముని చేతిలోంచి తీసుకుంది.

"అంబ్రీన్ ఇల్లు యాడ?" అని అడిగింది.

"అలిపిరి రోడ్డు" అన్నాడు. గోదా ఫోనులోకి "అంబ్రీన్‌వాళ్ళమ్మకు ఇప్పుడే చెప్పండి, ఆ కుక్కపిల్లను ఎవరూ ముట్టుకోకూడదు" అంది.

"బేడీలు తీయండి. ఈ స్టేషన్లో కుక్కను పట్టడం వచ్చిన మనిషి అతనొక్కడే."

బేడీలకు తాళంచెవి తిప్పింది వెంకటమునే. వలి బాషా మణికట్టు రుద్దుకోలేదు. ఒక్క దూకులో జీపెక్కి, సీటు మీద ఉన్న గోనెసంచీని చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. "బిడ్డకేం గాదు సార్. పదండి" అన్నాడు, పొద్దున తనను కొట్టిన మనిషితో. గేటు దగ్గర జహీరున్నీసా దారి ఇచ్చి పక్కకు జరిగింది.

జీపు కదిలాక గోదా వీడియో తెరిచింది.

కేకు, రంగు కాగితాలు, గది నిండా పిల్లలు. నేల మీద చుట్టూ కూర్చున్నారు. మధ్యలో గౌను వేసుకున్న హంసిని ఒళ్ళో తెల్లటి కూన, ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ. దాని దవడ వేలాడుతోంది. చొంగ తీగలా సాగి పాప గౌను మీద పడుతోంది. ఒక పిల్లవాడు దాని నోటి ముందు కేకు ముక్క పట్టుకుని ఉన్నాడు. ఇంకెవరో వెనకనుంచి ముందుకు తోసుకొస్తున్నారు.

"నువ్వు చాలాసేపు ఎత్తుకున్నావు" అంటోంది ఒక చిన్న గొంతు. "ఇప్పుడు నా వంతు."